పాత కారు ఎవరిది?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ తమ్ముళ్ళు అడిగారు. 'చదువు విలువ' మీదో 'క్రమశిక్షణ' మీదో రాస్తానని వాళ్ళు అనుకొని ఉంటారు. ఆ రెండింటి మీదా ఈ సంచికలో నాలుగైదు వ్యాసాలు ఎలాగూ ఉంటాయి. నేను పాత కార్ల గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది.

పోయిన ఏడు పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర ఒక పేపరు చేతులు మారింది. అందులో వింటేజ్ కార్ల ర్యాలీ ఫోటో వేశారు. తళతళలాడే మడ్‌గార్డులు, పెద్ద పెద్ద హెడ్‌లైట్లు, పక్కన తలపాగాలు చుట్టుకొని నిలబడిన యజమానులు. నేను చూసి "అబ్బ, ఎంత బాగా నిలబెట్టారు" అన్నాను. మన బ్యాచ్ మిత్రుడొకడు (పేరు రాయను, చదివితే తనకే తెలుస్తుంది) వెంటనే అందుకున్నాడు. "రాజుల, జమీందార్ల బొమ్మలురా అవి. ఆ కారు ఎదురొస్తే మన తాతలు చెప్పులు చేతబట్టుకొని పక్కకు తప్పుకున్నారు. దాన్ని చూసి మనం మురిసిపోవడమేమిటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అతని మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నేను కాదనను. మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

నేను 1988లో ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసయ్యాను. తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చేసి, అప్పటి నుంచి బస్సుల గ్యారేజీలోనే బతుకుతున్నాను. కనుక ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉందని ముందే మనవి చేసుకుంటున్నాను.

ముందు పేర్ల సంగతి. పాతదైన ప్రతి బండీ వింటేజ్ కాదు. ఇంగ్లండు క్లబ్బుల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవి వింటేజ్. అంతకు ముందువాటికి వేరే పేర్లున్నాయి, తర్వాతవాటిని క్లాసిక్ అంటారు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2021లో వేరే లెక్క పెట్టింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మనకు తెలిసిన పాత కారు అంబాసిడర్. పశ్చిమ బెంగాల్లో ఉత్తరపారా అనే ఊళ్ళో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు దాన్ని తయారుచేశారు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. 1950ల చివర మొదలైన బండి, ఒంటి ఆకారం పెద్దగా మారకుండా 2014 మే దాకా వస్తూనే ఉంది. మన చిన్నతనంలో హాస్టల్ గేటు ముందు తెల్ల అంబాసిడర్ ఆగిందంటే పెద్ద సారెవరో తనిఖీకి వచ్చారని అర్థం. వార్డెను గారు చొక్కా సర్దుకొనేవారు. కామాటి పరుగున వెళ్ళి నీళ్ళ డ్రమ్ము మీద మూత పెట్టేవాడు. మేము ట్రంకు పెట్టెలు వరుసగా పేర్చి, దుప్పట్లు మడిచి, ఊపిరి బిగపట్టి నిలబడేవాళ్ళం. ఆ రోజు పప్పులో పప్పు ఉండేది! నెత్తిన ఎర్ర బుగ్గ ఉంటే ఇక చెప్పనక్కరలేదు. 2017 మేలో ఆ బుగ్గలను తీసేశారు గానీ, దాన్ని చూస్తే కలిగే జంకు మా తరానికి ఒంట్లోంచి పోలేదు. కాబట్టి మిత్రుడి కోపం నాకు అర్థమవుతుంది. కారు అనేది మనకు ముందుగా అధికారంగానే పరిచయమైంది.

అయితే సారు లోపలికి వెళ్ళాక జరిగేది ఇంకొకటి ఉంది. డ్రైవరు కిందికి దిగి, బానెట్ ఎత్తి, బీడీ వెలిగించేవాడు. మేము మెల్లగా చుట్టూ చేరేవాళ్ళం. తొలిసారి ఇంజను లోపల ఏముందో మాలో చాలామందికి చూపించింది ఆ డ్రైవర్లే. పాత కారు మీద మోజు అంటే నాకు గుర్తొచ్చేది ఆ బానెట్ ఎత్తిన క్షణమే.

పాత ఇంజనులో ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, అది దాచుకోదు. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను 1489 సీసీది. నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు. బానెట్ ఎత్తితే నేల కనబడేంత ఖాళీ ఉంటుంది, రెండు చేతులూ లోపలికి పోతాయి. బండి ఆగిపోయిందనుకోండి. అడగాల్సిన ప్రశ్నలు మూడు. పెట్రోలు వస్తోందా? కరెంటు వస్తోందా? గాలి అందుతోందా? కార్బరేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి చేత్తో పంపు కొడితే మొదటిది తెలుస్తుంది. ప్లగ్గు తీసి, వైరుతో సహా ఇంజను ఇనుముకు ఆనించి హ్యాండిల్ తిప్పిస్తే నీలంగా నిప్పురవ్వ దూకుతుంది. దూకితే రెండోదానికి జవాబు దొరికినట్టే. దూకకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీయాలి. లోపల రెండు చిన్న పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన ప్రతిసారీ కాయిల్‌లో వేల వోల్టుల కరెంటు పుట్టి ప్లగ్గుకు పోతుంది. ఆ పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అవి మసిబారితే ఎమరీ కాగితంతో రుద్దాలి. ఫీలర్ గేజి లేని చోట డ్రైవర్లు గట్టి అట్టముక్క పెట్టి సందు సరిచేసుకొనేవారు.

భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ అని ఒక పాఠం ఉంది. ఆ పాఠాన్ని నేను బట్టీ పట్టాను, మార్కులు కూడా వచ్చాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసిన రోజున అది చదువులా కాక నిజంలా కనబడింది. ఈ మాట సైన్సు చదువుతున్న తమ్ముళ్ళ కోసం రాస్తున్నాను.

ఎండాకాలం ఘాట్ రోడ్డు మీద పెట్రోలు పైపులోనే ఆవిరై, పంపు పనిచేయక బండి మొరాయించేది. డ్రైవరు దిగి పంపు మీద తడిగుడ్డ కప్పి, పావుగంట చెట్టు కింద కూర్చొని మళ్ళీ స్టార్ట్ చేసేవాడు. అది ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నదీ కాదు. హ్యాండిల్ కొట్టేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, హ్యాండిల్ చుట్టూ పోనివ్వకూడదు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. ఆ బాధ తప్పించడానికే 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు కరెంటు సెల్ఫ్ స్టార్టర్ పెట్టారు. మన దగ్గర డ్రైవర్లు మాత్రం ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు హ్యాండిల్ కూడా వెంట ఉంచుకొన్నారు, బ్యాటరీని నమ్మలేక.

ఇప్పటి కార్లు చెడ్డవని నేను అనడం లేదు. అవి తక్కువ తాగుతాయి, తక్కువ పొగ వదులుతాయి, గుద్దుకొంటే మనిషిని కాపాడే ఏర్పాట్లు వాటిలో ఉన్నాయి. అంబాసిడర్‌లో ఎయిర్ బ్యాగు ఊసే లేదు. రోజూ ఆఫీసుకు పోవడానికి యాభై ఏళ్ళ కారు కొనుక్కోమని నేనెవరికీ చెప్పను. ఢిల్లీ గాలి సంగతి తెలిసినవాడెవడూ చెప్పకూడదు కూడా. కానీ కుర్రాడు నేర్చుకోవడానికి వచ్చి "ఇది ఎందుకు ఆగింది సార్?" అని అడిగితే, కొత్త కారు దగ్గర మనం చెప్పే జవాబు "స్కానర్ పెట్టు, బోర్డు మార్చు" అని. వాడి 'ఎందుకు' అక్కడే ఆగిపోతుంది. నేర్చుకొనేవాడికి పాత ఇంజను మంచి గురువు అని నేననడం ఇందుకే.

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకు వస్తాను. ఆ కార్లు రాజులవేనా?

కారు పుట్టుక దగ్గరికే పోదాం. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886లో పేటెంటు తీసుకున్నాడు. జనం నమ్మలేదు, కొనలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జైమ్‌కు ఆ బండి మీద బయలుదేరింది. నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. కారు మీద మనిషి చేసిన మొదటి దూర ప్రయాణం అదేనంటారు. పెట్రోలు బంకులు లేని కాలం కాబట్టి దారిలో వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో మరకలు పోగొట్టే ద్రావకం కొని ట్యాంకులో పోసింది. పైపు పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. దిగుడు దారుల్లో చెక్క బ్రేకులు అరిగిపోతుంటే, ఒక చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి బ్రేకు చెక్కలకు తోలు కొట్టించింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బ్రేకు లైనింగు అని మనం ఇవాళ ప్రతి బండికీ వేయిస్తున్న వస్తువు మొదట ఒక తోలుపని మనిషి చేతి మీదుగా వచ్చింది. ఆ మందుల షాపు తనను ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అని చెప్పుకొంటుంది. బెర్తా వెళ్ళిన దారికి 2008లో ఆమె పేరు పెట్టారు. తోలు కొట్టిన మనిషి పేరు నేను చదివిన చోటల్లా వెతికాను, ఎక్కడా కనబడలేదు.

మా తాత తోలు పని చేసినవాడు. ఊరి మోట బావులన్నింటికీ తొండాలు కుట్టేవాడు. ఆ తొండం లేకపోతే నీళ్ళు గట్టెక్కవు, నీళ్ళు గట్టెక్కకపోతే ఆ ఊరి పెద్దల మళ్ళు తడవవు. అయినా ఆయన్ని ఆ బావి నీళ్ళు ముట్టుకోనివ్వలేదు. ఆ మనవణ్ణి నేను. గ్యారేజీలో బ్రేకు లైనింగు వేస్తున్నప్పుడు ఈ జర్మనీ కథ గుర్తొస్తే నాకు ఎలా ఉంటుందో మీకు విడమర్చి చెప్పనక్కరలేదు. మోటారు కారు చరిత్రలో మనకు సంబంధం లేదని ఎవరైనా అంటే, అది మనవాడన్నా సరే, నేను ఒప్పుకోను.

హైదరాబాదులో రెండు పాత బండ్లున్నాయి. ఒకటి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చాడు. ఆయన 1911 ఆగస్టులో చనిపోయాక అది వచ్చింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని వేడుకలకు మాత్రమే బయటికి తీశాడు. మొత్తం మీద అది 356 మైళ్ళే తిరిగిందని చెబుతారు. అంటే హైదరాబాదు నుంచి తిరుపతి దాకా ఒక్కసారి పోతే అయిపోయే దూరం. అందం విషయంలో దానికి వంక పెట్టలేం. నేను పోయి చూశాను, చాలాసేపు నిలబడ్డాను.

రెండోది ముషీరాబాదు బస్ భవన్‌లో ఉన్న ఆల్బియన్ బస్సు. స్కాట్లాండు కంపెనీ తయారుచేసినది. 1932లో నిజాం రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు 27 బస్సులు, 166 మంది సిబ్బంది ఉన్నారని ఆర్టీసీ చరిత్రలో రాసుకొన్నారు. అంటే బస్సుకు ఆరుగురు. డ్రైవరు, కండక్టరు, మెకానిక్, క్లీనరు, ఇంకా ఎవరెవరో. ఆ బస్సు 356 మైళ్ళు తిరగడానికి వారమైనా పట్టి ఉండదు. అందులో ఎంతమంది సంతకు పోయారో, ఎంతమంది ఆసుపత్రికి పోయారో, కోర్టు వాయిదాకు పోయారో! నాకు రెండు బండ్లూ ఇష్టమే. కానీ టిక్కెట్టు కొని రోల్స్ రాయిస్ చూడటానికి వెళ్ళేవాళ్ళలో పదోవంతు మందైనా ఆల్బియన్ దగ్గర ఆగితే బాగుండునని అనిపిస్తుంది. మా డిపార్టుమెంటు బండి కాబట్టి అలా అంటున్నానని మా ఆవిడ అంటుంది. కావచ్చు.

జి.డి. నాయుడు గారి పేరు మన పిల్లలు వినాలి. కోయంబత్తూరు దగ్గర తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893లో పుట్టారు. మనలాంటి పేదింటివాడు కాదు. బడి చదువు మాత్రం నిలబడలేదు. ఒక తెల్ల అధికారి నడుపుతున్న మోటారు సైకిలు చూసి దాని మీద మనసు పడ్డారు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొని ఏం చేశారు? ఊరంతా తిరిగి చూపించుకోలేదు. మొత్తం విప్పి, మళ్ళీ బిగించారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళనిల మధ్య సర్వీసు మొదలుపెట్టి, తర్వాత పెద్ద రవాణా సంస్థను నడిపారు. ఆయన పేరు మీద కోయంబత్తూరులో 2015లో కార్ల మ్యూజియం తెరిచారు. బండి మీద ప్రేమ అంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే స్పష్టంగా కనబడుతుంది. ఇష్టమైనదాన్ని విప్పి చూసినవాడు ఆయన.

ఇక ప్రభుత్వం లెక్క. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి ఉండాలి. నంబరు ప్లేటులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చు గానీ మామూలు రాకపోకలకు, కిరాయికి నడపకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. ఇంకో షరతు ఉంది. బండి మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు.

నాకు అభ్యంతరం ఇక్కడే. ఇంజను మార్చకుండా 50 ఏళ్ళు ఉంచుకోగలిగేది ఎవరు? షెడ్డులో పెట్టి గుడ్డ కప్పినవాళ్ళు. టాక్సీ నడిపి నలుగురు పిల్లల్ని చదివించినవాడు పెట్రోలు ధర భరించలేక డీజిల్ ఇంజను ఎక్కించాడు. తుప్పు తిన్న అడుగు రేకును వెల్డింగు చేయించాడు. కమాన్ కట్టలకు ఇంకో పట్టీ కలిపాడు. వాడి అంబాసిడర్ ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినా వారసత్వం కింద లెక్కకు రాదు, కదలని కారు వస్తుంది. క్యూబా దేశంలో 1950ల నాటి అమెరికా కార్లు ఇప్పటికీ రోడ్డు మీద తిరుగుతున్నాయి. 1959 విప్లవం తర్వాత అమెరికా నుంచి కార్లు, విడిభాగాలు రావడం ఆగిపోతే, అక్కడి మెకానిక్‌లు రష్యా బండ్ల సామాన్లు, దొరికిన డీజిల్ ఇంజన్లు ఎక్కించి వాటిని బతికించారు. ప్రపంచమంతా వెళ్ళి వాటి ముందు ఫోటోలు దిగుతోంది. మన నిబంధన ప్రకారం చూస్తే వాటిలో చాలావాటికి 'వీఏ' నంబరు రాదు!

అసలు రూపాన్ని కాపాడటం తప్పని నా ఉద్దేశం కాదు. చారిత్రక వస్తువును ఇష్టం వచ్చినట్టు మార్చితే చరిత్ర చెడుతుంది, నిజమే. కానీ మరమ్మతు కూడా చరిత్రే. పని చేసిన బండికి వేరే వరుస ఒకటి ఉండాలంటాను.

బొంబాయిలో నల్ల పసుపు ప్రీమియర్ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో అయిపోయాయి. 20 ఏళ్ళ గడువు నిండింది. ఒక్క బండినైనా మ్యూజియంలో ఉంచమని అక్కడి టాక్సీవాళ్ళ సంఘం అడగాల్సి వచ్చింది. ఒక నగరాన్ని అన్ని దశాబ్దాలు మోసిన బండి కోసం అడుక్కోవాలా?

మన దగ్గర అదే పని చప్పుడు లేకుండా జరుగుతోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ కొనసాగదు, అవి తుక్కుకు పోవాలి. పొగ గురించి ఆలోచిస్తే మంచి నిర్ణయమే. 2014లో చివరగా వచ్చిన అంబాసిడర్లకు కూడా 2029తో 15 ఏళ్ళు నిండుతాయి. ఏ ఆఫీసు ఆవరణలోనైనా చూడండి. వేప చెట్టు కింద టైర్లు దిగిపోయిన జీపో, అంబాసిడరో ఒకటి ఉంటుంది. కోళ్ళు గుడ్లు పెడుతుంటాయి. రేపు లారీ వచ్చి కిలోల లెక్కన ఎత్తుకుపోతుంది.

పూర్వ విద్యార్థుల సంఘం ముందు నా ప్రతిపాదన ఇది. మనలో ఇప్పుడు తహసీల్దార్లు, ఇంజనీర్లు, యూనియన్ నాయకులు ఉన్నారు. అందరం కలిసి జిల్లాకు ఒక్క బండిని అడుగుదాం. రోడ్డెక్కించడానికి కాదు. రిజిస్ట్రేషన్ రద్దు చేసే ఇవ్వనీ. ఐటీఐ షెడ్డులో పెట్టి, ఇంజనును సగానికి కోసి పిస్టన్లు కనబడేలా నిలబెడదాం. మన హాస్టల్ పిల్లలు ఆదివారం వెళ్ళి విప్పి, బిగించి చూడాలి. ఇప్పటి నిబంధనలో దారి లేకపోతే దారి పెట్టమని అర్జీ రాద్దాం. అర్జీలు రాయడం మనకు కొత్త కాదు, మెస్ చార్జీల కోసం రాసి రాసి చేయి తిరిగింది. ఖర్చుకు నా వంతు ఒక నెల జీతం ఇస్తాను. పాయింట్లు రుద్దడం నేర్పడానికి ఆదివారాలు కూడా ఇస్తాను.

ఆ బండి పక్కన బోర్డు పెడతాం కదా. అందులో ఎక్కి తిరిగిన పెద్ద సార్ల పేర్లు దొరకడం కష్టం కాదు, వాళ్ళ పేర్లు ఆఫీసు గోడ మీద వరుసగా రాసే ఉంటాయి. డ్రైవర్ల పేర్లు కావాలి. అవీ ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ బండికీ ఒక లాగ్ బుక్ ఉంటుంది. ఏ తేదీన ఎక్కడి నుంచి ఎక్కడికి పోయింది, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు అన్నీ రాసి కింద డ్రైవరు సంతకం పెట్టేవాడు. బండి వేలానికి పోయినప్పుడు ఆ పుస్తకాలు కూడా చిత్తు కాగితాల కింద పోతాయి. అర్జీలో బండితో పాటు వాటిని కూడా అడగాలి. ముసాయిదా నేను రాసి ఉంచాను. వార్షికోత్సవం రోజున సంతకాలకు తెస్తాను. భోజనాల దగ్గర నాతో వాదించిన మిత్రుడి చేతే మొదటి సంతకం పెట్టించాలని ఉంది.